ఆకునకు వేయవలసిన ప్రశ్న

(డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మారకోపన్యాసము: ముద్రితపాఠము)



భీమవరమున 1895లో జన్మించి, 1948 ఆగస్టులో మహాసముద్రముల కావల కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము మాటలాడవలసినదని నన్ను కోరినప్పుడు, ఆయన పేరుతో ముడివడిన ఔషధములను వరుసగా చెప్పి కూర్చుండుట సులభమని తోచెను. కాని ఆ వరుస మీలో చాలమందికి కంఠస్థము. నేను బ్రతుకంతయు చేసిన పని ఒక్కటే. చెట్టుచేమల సారములను దింపి, అవి నొప్పిని తగ్గించునా, తగ్గింపవా అని చిట్టెలుకల నడుగుట. సుబ్బారావుగారు నొప్పిమందుల జోలికి పోయినవారు కారు. అయినను వారి దారివెంట కొంతదూరము నడిచిన పిమ్మటగాని, నా దారిలో నేను ఎక్కడ తప్పిపోతినో నాకు తెలియరాలేదు. ఆ సంగతియే నేటి ప్రసంగము.

మద్రాసు వైద్యకళాశాలనుండి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే చేతికి వచ్చిన సుబ్బారావుగారు, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించిరి. తోడబుట్టినవారి నిద్దరిని బలిగొన్న స్ప్రూ అను గ్రహణిజాతి వ్యాధి తమ్మును పట్టినప్పుడు, ఆ లక్ష్మీపతిగారి చికిత్సచేతనే గట్టెక్కిరి. తరువాతి కథ అమెరికాలోనిది. 1941లో టెక్సాసులో ముగ్గురు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను నలిపి, పిండి, వడగట్టి, కడపట దక్కిన చిటికెడు పదార్థమునకు, లాటిను భాషలో ఆకునకు పేరైన ఫోలియం అను మాటనుండి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. అంత పాలకూరరసములో ఆ పదార్థము ఏ పాత్రలోనికి దిగినదో, ఏ పాత్రలో మిగులలేదో వారికి చెప్పినది ఒక సూక్ష్మజీవి. పదార్థమున్న ద్రవములో అది పెరుగును, లేనిదానిలో పెరుగదు. 1945 నాటికి లెడర్లీ ప్రయోగశాలలలో సుబ్బారావుగారి బృందము అదే పదార్థమును కృత్రిమముగా నిర్మించెను. స్ప్రూ రోగులకు అది ప్రాణదాత యయ్యెను. ఆ నిర్మాణమును కొంచెము మార్చి, ఫోలిక్ ఆమ్లమునకు అడ్డుతగులు పదార్థములను అదే బృందము సృష్టింపగా, వానిలో ఒకటి 1948లో బోస్టనులోని సిడ్నీ ఫార్బరు చేతిలో రక్తకేన్సరు పిల్లలకు తాత్కాలికముగానైనను ఊరట నిచ్చెను. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు, వారమున కొక్కసారి స్వల్పమాత్రలో, నేడు లోకమంతటను కీళ్లవాతపు రోగులకు ఇచ్చు మొదటివరుస మందు.

పాలకూరతో మొదలైన అన్వేషణ కీళ్లనొప్పి రోగి గుమ్మమున వచ్చి ఆగుట చిత్రముగా నున్నది గదా! అయితే నేను చూడుమనునది ఆ చిత్రమును కాదు. ఆ అన్వేషణకు బలమిచ్చినది ఆకు కాదు, ఆకునకు వేసిన ప్రశ్న. సూక్ష్మజీవి పెరిగినదా, పెరుగలేదా? ఇంకొక అర్థమునకు అందు చోటు లేదు. మనము ఔషధసారమును నొప్పి విషయమై పరీక్షించునప్పుడు అట్టి ప్రశ్న వేయుచున్నామా? వేయుట లేదని నా అభియోగము. ముద్దాయిలలో మొదటివాడను నేనే.

నొప్పి మనకు ఒక్కటి కాదు. తలకు పోటు, పుండునకు సలుపు, కాళ్లకు పీకు, నడుమునకు పట్టు, కడుపునకు నులి, కంటికి మంట, పంటికి జివ్వుమను బాధ. పల్లెటూరి అవ్వ వీనిలో ఒకదానిని చెప్పవలసినచోట మఱియొకటి ఎన్నడును చెప్పదు. శాస్త్రకారులును అట్లే చెప్పలేదు. చరకసంహితలో సూత్రస్థానపు నాలుగవ అధ్యాయమున ఏబది మహాకషాయముల లెక్క కలదు, ఒక్కొక్కదానికి పదేసి ద్రవ్యములు. అందు బాధకు సంబంధించినవి మూడు: వేదనాస్థాపనము, శూలప్రశమనము, అంగమర్దప్రశమనము. పిప్పలి, అల్లము, మిరియము శూలకు, అనగా కడుపునొప్పి మొదలగు పోట్లకు. ఆముదము, బృహతి, వట్టివేరు అంగమర్దమునకు, అనగా ఒళ్లునొప్పులకు. సాలము, కదంబము, అశోకము వేదనకు. ముప్పది పేర్లలో రెండు పట్టికలలో కనబడునది ఒక్కటియు లేదు. ఆ పట్టికలు నిజమో కాదో నేను చెప్పజాలను గాని, వానిని కూర్చినవారు నొప్పియంతయు ఒకటే అనుకొనలేదని మాత్రము నిస్సంశయముగా చెప్పగలను. మన ప్రయోగశాలలలో ఆ ముప్పది ద్రవ్యములకును వేయుచున్న ప్రశ్న ఒక్కటే.

ఆ ప్రశ్న ఎట్టిదో ఇతర శాఖల మిత్రులకొఱకు వివరింతును. సారమును ఎలుకకు పట్టించి, కొంతసేపైన తరువాత దాని కడుపులోనికి ఆసిటిక్ ఆమ్లమును సూదితో ఎక్కింతుము. ఆ ఆమ్లము వందకు సుమారు 0.6 వంతు గాఢతగలది, వంటింటి వినెగారును ఎనిమిది రెట్లు పలుచన చేసినంతటిది. ఎలుక పొట్ట ముడుచుకొని, నడుము వంచి, వెనుకకాళ్లు సాచి మెలికలు తిరుగును. గడియారము ముందు పెట్టుకొని ఆ మెలికలను లెక్కింతుము. సారము పుచ్చుకొన్న ఎలుకలు తక్కువ మెలికలు తిరిగినచో సారమునకు వేదనాహరగుణము కలదని వ్రాయుదుము. 1950ల చివర ప్రచారమునకు వచ్చిన పద్ధతి ఇది. ఖర్చు లేదు, యంత్రము లేదు, ఒక పూటలో ముగియును. ఇంకను 55 డిగ్రీల వేడిపలకమీద ఎలుకను నిలిపి అది ఎన్ని సెకనులకు పాదము నాకుకొనునో చూచుట కలదు. తోకపై కాంతిని కేంద్రీకరించి ఎప్పుడు తోక విదల్చునో చూచుట 1941 నుండియు కలదు. సముద్రపు నాచునుండి తీసిన కారజీనన్‌ను పాదములోనికి ఎక్కించి వాపును కొలుచుట 1962 నుండి కలదు. పాదములోనికి ఫార్మలిన్ ఎక్కించి చూచు పరీక్షయు కలదు, అది ఉన్నవానిలో కొంత బుద్ధిగలది, ఏలనన మొదటి అయిదు నిమిషముల చురుకును, పావుగంట తరువాత వచ్చు వాపునొప్పిని వేరువేరుగా చూపును. అయినను చేతికి అందినది మెలికల లెక్క గనుక దానినే తఱచుగా చేయుదుము.

మెలికలు తగ్గుటకు నొప్పి తగ్గుట ఒక్కటే కారణము కానక్కరలేదు. నిద్రమత్తు కలిగించు పదార్థమును మెలికలను తగ్గించును. కండరములను సడలించునదియు తగ్గించును. ఇది నేను పుస్తకములో చదివి నేర్చుకొన్నది కాదు. పరిశోధన తొలినాళ్లలో ఒక ఆకును సారాయములో నానబెట్టి సారము దింపితిని; ఆ సారాయము పూర్తిగా ఆవిరియైపోవువరకు కాచుకొనియుండు ఓపిక లేక, జిగురుగా నున్నప్పుడే నీటిలో కలిపి ఎలుకలకు పట్టించితిని. మెలికలు అద్భుతముగా తగ్గెను. నేను సంతోషముతో ఉబ్బి, వ్యాసమునకు శీర్షిక గూడ ఆలోచించుచుండగా, జంతుశాలలో పంజరములు కడుగు పెద్దాయన వచ్చి తొంగిచూచి, "అయ్యా, ఇయి తాగినట్టు ఉన్నాయండీ" అనెను. నిజమే. ఎలుకలకు నొప్పి తగ్గలేదు, నిషా ఎక్కినది. అదే మోతాదు సారాయమును మాత్రమే నీటిలో కలిపి మఱియొక గుంపునకు పట్టించియుండవలసినది. ఆ గుంపును నేను పెట్టుకొనలేదు. తిరుగుచుండు కడ్డీపై ఎలుక ఎంతసేపు పడిపోక నిలువగలదో చూచు పరీక్ష 1957 నుండి అందుబాటులో నున్నది, అదియు చేయలేదు. ఆ పెద్దాయన కన్ను లేనిచో నా పేరుతో ఒక అబద్ధము అచ్చయియుండెడిది. అచ్చయిన ఇట్టివి ఎన్ని కలవో!

పూర్వులు ఇంతకంటె మొరటువారు, కాని ఇంతకంటె సూటియైనవారు. నల్లమందునుండి మార్ఫీనును విడదీసిన జర్మను మందులవర్తకుని సహాయకుడు సెర్ట్యూర్నరు, దానిని తానును మఱి ముగ్గురు పడుచువారును అరగ్రెయిను చొప్పున మూడుమార్లు ముప్పావుగంటలో మ్రింగి, ప్రాణముమీదికి వచ్చినప్పుడు వినెగారు త్రాగి కక్కి బయటపడి, ఆ సంగతి 1817లో ప్రకటించెను. నేడు ఏ నీతిసంఘమును దీనికి ఒప్పుకొనదు, ఒప్పుకొనగూడదు. నల్లమందు ఒక్కొక్క ముద్దకు ఒక్కొక్క బలము కలిగి, వైద్యునికి మోతాదు తెలియక రోగి చచ్చుటయో, బాధపడుటయో జరుగుచున్న కాలమున, ఇంత తూకమునకు ఇంత ఫలమని చెప్పగలుగుట ఎంత విలువైనదో మాత్రము మఱువరాదు.

ఇంగ్లాండులో చిప్పింగ్ నార్టన్ అను ఊరి మతగురువు ఎడ్వర్డ్ స్టోన్ కథ ఇంకను ముచ్చటైనది. విల్లో చెట్టు బెరడు నోటబెట్టుకొనగా సింకోనావలె చేదు తగిలినది. చలిజ్వరములు తేమనేలలో పుట్టును గనుక, తేమనేలలో పెరుగు చెట్టే వానికి విరుగుడు కావలెనని ఊహించెను. ఊహకు తలాతోకా లేదు. కాని రొట్టెలు కాల్చు పొయ్యి వెలుపలి గోడకు సంచి వ్రేలాడదీసి ఆ బెరడును మూడు మాసములకు పైగా ఎండబెట్టి, పొడిచేసి, కొద్ది మాత్రతో మొదలిడి పెంచుకొనుచు, అయిదేండ్లలో ఏబదిమందికి ఇచ్చి చూచి, ఎవరికి పనిచేసినదో, ఎవరికి పనిచేయలేదో 1763లో రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. పనిచేయనివారిని గూర్చియు వ్రాసెను గనుకనే నాకు ఆ మతగురువన్న గౌరవము. స్టోన్ చూచినది జ్వరమును. అదే బెరడులోని సాలిసిన్‌ను కీళ్లవాతపు నొప్పికి ఇచ్చి చూచినది స్కాట్లండువాడైన మెక్లాగన్, 1876లో. ఆస్పిరిన్ కథ మీకు తెలిసినదే.

ఈ సందర్భమున చిన్న ముచ్చట. చరకుని వేదనాస్థాపన పట్టికలో వంజులము అను పేరు కలదు. వంజులమనగా అశోకమని నిఘంటువులలో ఒక అర్థము. వేతసమని మఱియొక అర్థము. అశోకము అదే పట్టికలో విడిగా చెప్పబడినది గనుక ఇక్కడ వంజులము వేతసమే కావలెను. వేతసమును తెలుగువారు ప్రబ్బలి యందురు. ఉత్తరదేశపు వైద్యులు కొందరు విల్లో జాతి చెట్టును దానికి చూపుదురు. ఉత్తరదేశమువారి మాటయే నిజమైనచో, స్టోన్ కంటె ఎన్నో శతాబ్దముల ముందు విల్లోను నొప్పిపట్టికలో చేర్చినవారు మనవారని ఎగిరి గంతులు వేయవచ్చును. ప్రబ్బలి యైనచో గంతులు ఆపుకొనవలెను. ఒక్క మాటకు అర్థము తేలక, ఎవరు ముందను వాదమునకు దిగుట నాకు సమ్మతము కాదు.

ఇక మన ఊళ్లకు వత్తము. వావిలి చెట్టు ఎరుగనివారు లేరు. బాలింత స్నానమునకు వావిలాకు వేసి కాచిన నీళ్లు, ఒళ్లునొప్పులకు ఆ నీళ్ల కాపడము, తలబరువునకు ఆవిరి. ఈ చెట్టుపై పరిశోధనలకు కొదువ లేదు. 2003లో శ్రీలంక శాస్త్రజ్ఞులు ముదురు పచ్చియాకుల జలసారమును ఎలుకలకిచ్చి, వాపును నొప్పిని తగ్గించు గుణము కలదని ప్రకటించిరి. పచ్చియాకు, నీరు! వారు అవ్వ మాట కొంతవరకైనను విన్నవారు. మనలో పెక్కుమంది చేయునది వేరు. ఆకును నీడన ఎండబెట్టి, పొడిచేసి, సాక్స్‌లెట్ పరికరములో సారాయముతో గంటలకొలది మరిగించి, ఆ సారాయమును ఆవిరిచేసి, మిగిలిన నల్లని జిగురును ఎలుక నోట పోయుదుము. (ఆ పరికరమును జర్మనీవాడైన సాక్స్‌లెట్ 1879లో పాలలోని వెన్నను కొలుచుటకు నిర్మించెను, మనము దానిని ఆకులకు అతికించుకొంటిమి.) వావిలాకు మరుగునప్పుడు ఇల్లంతయు వ్యాపించు ఆ ఘాటైన వాసన ఒక తైలము, అది ఎండుటలోను, ఆవిరిలోను ఎగిరిపోవునది. అవ్వ నమ్ముకొన్న వాసనను పోగొట్టి, ఆమె ఒంటికి పోసిన దానిని మనము నోటికి పోసి, బాలింత నడుమునొప్పికి బదులు ఎలుక కడుపునొప్పిని చూచి, వావిలి పనిచేయునని సంతోషించుచున్నాము. ఆ సంతోషమునకు అవ్వతో సంబంధము లేదు.

మోతాదు సంగతియు చూడుడు. చిట్టెలుకకు కిలో బరువునకు 500 మిల్లీగ్రాముల సారమిచ్చితిమని వ్యాసములలో తఱచుగా కనబడును. దేహపు ఉపరితల వైశాల్యమును బట్టి మనుష్యునికి మార్చినచో అది కిలోకు సుమారు 40 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి రమారమి రెండున్నర గ్రాములు. ఎండుటాకు పదిపాళ్లకు సారము ఒక పాలు దిగుననుకొందము. 25 గ్రాముల ఎండుటాకు అయినది. పచ్చియాకు ఎండి నాలుగవవంతు మిగులుననుకొన్నచో నూరు గ్రాముల పచ్చియాకు! ఒక్క మోతాదునకు దోసెడాకు నూరి మ్రింగుమని ఏ అవ్వ చెప్పినది? ఈ లెక్క వేయుటకు అయిదు నిమిషములు పట్టును. వ్యాసము చివర ఈ లెక్క వేసినవారిని నేను వ్రేళ్లపై చెప్పగలను.

జిల్లేడాకు ఇంకను చిక్కైనది. ఆకునకు ఆముదము రాసి, పెనముమీదనో నిప్పులమీదనో వెచ్చజేసి మోకాలికి కట్టుదురు, నొప్పి తగ్గినదందురు. తగ్గును, నా తల్లిగారికి తగ్గుట నేను చూచినాను. కాని తగ్గించినది ఏది? జిల్లేడాకా, ఆముదమా, వేడిమియా, బిగించిన కట్టా, కట్టు కట్టినందువలన లేచి తిరుగక పడుకొన్న విశ్రాంతియా, కట్టుచున్న కోడలి చేతి ఆదరమా? జిల్లేడు సారమును ఎలుక నోట పోసి ఈ ప్రశ్నకు సమాధానము ఎన్నటికిని తెలియరాదు. దీనికి కావలసినది ఎలుక కాదు, మఱియొక ఆకు. అదే మందము, అదే వెడల్పు గల బాదమాకు వంటిది ఒకటి తీసికొని, దానికిని అదే ఆముదము రాసి, అదే వెచ్చదనమున, గుడ్డలోపల ఏ ఆకున్నదో రోగికిని కట్టువారికిని తెలియకుండ కట్టి, సగముమందికి జిల్లేడు, సగముమందికి బాదము వంతున పదిహేను దినములు చూచినచో తేలిపోవును. జిల్లేడు ఓడినను నష్టము లేదు. వెచ్చని ఆముదపుకట్టు గెలిచినట్లగును, అదియు రోగికి లాభమే. ఇంత చవుకైన పరీక్షను వదలిపెట్టి ఎలుకల చుట్టు తిరుగుటకు కారణము, మనుష్యులపై పరీక్షకు అనుమతులు, వ్రాతకోతలు, ఓపిక కావలసియుండుటయే. ఎలుకకు అవి కొంచెము తక్కువ. నిజముగా తక్కువ కావలసినవియు కావు. అవసరము లేని మెలికలు ఒక్కటైనను ఏ ప్రాణిచేతను తిరిగింపరాదని 1959లోనే రస్సెల్, బర్చ్ అను ఇద్దరు గ్రంథము వ్రాసిరి; మరుసటి యేడే మన పార్లమెంటు జంతుహింసా నిరోధక చట్టమును చేసినది.

జిల్లేడునుగూర్చి ఇంకొక్క మాట. దాని పాలు ఎలుక పాదములోనికి ఎక్కించినచో వాపు పుట్టును. ఆ వాపునే ఇతర మందులను పరీక్షించుటకు మన దేశపు పరిశోధకులు వాడుకొనిరి. అదే పాలను ఎండబెట్టి మఱియొక విధముగా ఇచ్చినచో వాపును తగ్గించునని గూడ ప్రకటించిరి. ఈ రెండు మాటలును నిజమే. చెట్టునకు గుణము ఒక్కటి యుండునని, అది మంచిదో చెడ్డదో తేల్చిన చాలునని అనుకొనువారు ఈ పాలచుక్కను జ్ఞాపకముంచుకొందురు గాక! కంటిలో మాత్రము పడనీయకుడు, చూపునకే మోసము.

పేర్ల పీడ వేరే కలదు. వాతపునొప్పుల కషాయములలో రాస్న ప్రధానము. దక్షిణదేశమున రాస్నయనిన దుంపరాష్ట్రము, అనగా అల్లము కుటుంబపు దుంప. ఉత్తరదేశమున ప్లూకియా అను చిన్నమొక్క ఆకు. వంగదేశమున చెట్లకొమ్మలపై పెరుగు వాండా అను ఆర్కిడ్ వేరు. మూడు కుటుంబములు, మూడు రసాయనములు, పేరు ఒకటి. పచారి కొట్టునుండి తెచ్చిన పొట్లముతో పరిశోధన చేసి, రాస్న పనిచేయునని వ్రాసినచో, మూడింటిలో ఏది పనిచేసినదో బ్రహ్మకైనను తెలియదు. ఎండబెట్టి అట్టకు కుట్టిన నమూనా కొమ్మ ఒకటి హెర్బేరియములో నున్నచో, ఏబదియేండ్ల తరువాతనైనను ఎవరో తీసి చూచుకొందురు.

అచ్చముగా ఒకే చెట్టైనను మోసము లేకపోలేదు. ఆఫ్రికాలోని కామెరూను దేశమున నొప్పికి వాడు నాక్లియా అను చెట్టు వేళ్లలో, మానవుడు ప్రయోగశాలలో కల్పించిన ట్రమడాల్ అను నొప్పిమందు సహజముగా నున్నదని 2013లో ప్రకటన వెలువడగా లోకము ముక్కున వ్రేలువైచుకొన్నది. మరుసటియేడు మఱియొక బృందము అదే దేశపు ఉత్తరభాగమునకు పోయి, ఆ చెట్టులోనే గాక ప్రక్కనున్న ఇతర చెట్లలోను, మట్టిలోను, నీటిలోను అదే మందును కనుగొనెను. జంతువుల దేహములో మాత్రమే ట్రమడాల్ మారి ఏర్పడు పదార్థములను గూడ కనుగొనెను. అక్కడి రైతులు తాము ఆ మాత్రలు మ్రింగి, ఎండలో పనిచేయు పశువులకును పెట్టుచున్నారు; మూత్రము, పేడ నేలలో చేరి, వేళ్లు పీల్చుకొన్నవి. మన ఊళ్లలోను 'వేళ్లమందు' అని పొట్లములు కట్టి అమ్ము కీళ్లనొప్పి చూర్ణములలో స్టిరాయిడు కలిపియుండుట వైద్యులు పలుమార్లు చూచినదే. ముఖము ఉబ్బి, ఎముక గుల్లబారి రోగి ఆసుపత్రికి వచ్చునప్పటికి, ఆ చూర్ణము అద్భుతముగా పనిచేసినదనియే అతడు చెప్పుచుండును. అతని మాట అబద్ధము కాదు, పనిచేసినది మాత్రము చెట్టు వేరు కాదు.

నొప్పి తగ్గినదని రోగి చెప్పు మాటలో మందు పాలెంత, నమ్మకము పాలెంత? 1955లో బీచరు అను అమెరికా వైద్యుడు పదునైదు అధ్యయనములను కూర్చి, ఉత్తుత్తి మందుతోనే నూటికి 35 మందికి ఊరట కలిగినదని లెక్కగట్టెను. తరువాతివారు ఆ అంకెను చాల తప్పుపట్టిరి. కాని 1978లో పన్ను పెరికించుకొన్న రోగులలో, మార్ఫీను పనిని అడ్డగించు నలాక్సోను ఇచ్చినప్పుడు ఆ ఉత్తుత్తి ఊరటయు తగ్గినట్లు కనబడెను. నమ్మకమునకు గూడ దేహములో ఒక రసాయనము కలదన్నమాట. అందుచేత ఉత్తుత్తి మందుతో పోల్చని పరీక్ష పరీక్ష కాదు. అయితే చేదు కషాయమునకు ఉత్తుత్తి కషాయమును ఎట్లు చేయుదుమని మీరడుగవచ్చును. వావిలి వాసన ఎరిగిన మనిషిని మభ్యపెట్టుట సాధ్యమా?

దీనికి మిరపకాయ సమాధానము చెప్పినది. మిరపలోని కాప్సైసిన్ ఏ ద్వారమును తట్టి మంట పుట్టించునో వెదకిన డేవిడ్ జూలియస్ 1997లో ఆ ద్వారమును కనుగొనెను. 43 డిగ్రీలు దాటిన వేడికిని తెరుచుకొనునది అదే. అందుకు ఆయనకు 2021లో నోబెల్ బహుమానము వచ్చినది. గుంటూరు మిరపకాయ కొరికి 'నోరు కాలినది' అనువాడు అలంకారము వాడుట లేదు, శాస్త్రము చెప్పుచున్నాడు! ఆ కాప్సైసిన్‌నే నూటికి 8 పాళ్ల గాఢతతో పట్టీగా చేసి, సర్పి తగ్గిన తరువాత మిగులు నరాలమంటకు అతికింతురు. మొదట మండి, పిమ్మట ఆ నరపుకొనలను వారములకొలది మొద్దుబార్చును. దీని పరీక్షలలో ఉత్తుత్తి పట్టీకి మంట యుండదు గనుక రోగి గుర్తుపట్టును. అందుచేత శాస్త్రజ్ఞులు 0.04 పాళ్ల కాప్సైసిన్ గల పట్టీని ఎదురుపెట్టిరి; అదియు కొంచెము మండును, కాని చికిత్సకు చాలదు. అట్లే పలుచని వావిలి కషాయమునకు చిక్కని వావిలి కషాయమును ఎదురుపెట్టవచ్చును. వాసన రెంటికిని కలదు, బలము ఒకదానికే కలదు. దీనికి డబ్బు పెద్దగా అక్కరలేదు.

విద్యార్థులారా, నా పాలి ప్రయోగములు ముగిసినవి. మీవి మొదలుకానున్నవి. ఎలుకల పంజరము తెరువకముందు మీ ఊరికి పోయి, ఆకు కట్టు అవ్వను, మంత్రసానిని, పశువులకు మందిచ్చు తాతను కూర్చుండబెట్టి అడుగుడు: ఏ నొప్పికి, ఏ ఆకు, పచ్చిదా ఎండుదా, గుప్పెడా దోసెడా, ఎంతసేపు కాచవలెను, ఒంటికా నోటికా, ఎన్నాళ్లు, ఎవరికి పనిచేయలేదు? ఈ చివరి ప్రశ్న తప్పక వేయుడు. ఆ చెట్టు కొమ్మను పూతతో సహా కోసి, పాతపత్రికల నడుమ అదిమి ఆరబెట్టి, అట్టకు కుట్టి, చీటీమీద ఊరిపేరును, తేదీని, మీకు చెప్పినవారి పేరును వారి అనుమతితో వ్రాసి, మీ కళాశాల హెర్బేరియములో భద్రపరుపుడు. వావిలి పూత వానకాలమున వచ్చును. ఈ సంవత్సరపు పూత దాటకముందే పొండు.